ఆన్‌లో పెట్టి మర్చిపోతే బిల్లు ఆగదు

ఎడిటర్ గారికి నమస్కారం,

హైదరాబాద్‌కి ఇంకో డేటా సెంటర్ వస్తోందని పేపర్లలో తరచూ చదువుతుంటాం, సంతోషమే, 2022 నవంబర్లో అమెజాన్ వాళ్ళు ఇక్కడ క్లౌడ్ రీజియన్ (ఇంటర్నెట్ ద్వారా సర్వర్లు అద్దెకిచ్చే డేటా సెంటర్ల గుంపు) కూడా తెరిచారు, కానీ దాన్ని వాడుకునే కంపెనీలు ఎంత డబ్బు తగలేస్తున్నాయో కూడా ఒకసారి రాయండి సార్.

వాడినంతకే డబ్బులు అంటారు గానీ నిజానికి ఆన్‌లో ఉంచినంతకి డబ్బులు. టెస్టింగ్ సర్వర్‌తో పని వారానికి 50 గంటలుంటే అది తిరిగేది 168 గంటలు, రాత్రుళ్ళు, ఆదివారాలు, సంక్రాంతి సెలవులు అన్నీ కలిపి. సర్వర్ తీసేసినా డిస్క్ తీయకపోతే దానికి నెలనెలా పడుతూనే ఉంటుంది, డేటా లోపలికి పంపడం ఫ్రీ, బయటికి తీస్తే మాత్రం జీబీకింత అని (అసలు కిటుకు అక్కడే ఉంది). పైగా రేట్లు డాలర్లలో, రూపాయి పడితే వాడకం పెరగకపోయినా ఖర్చు పెరుగుద్ది. ఆన్ చేసేది ఇంజనీరు, కట్టేది అకౌంట్స్ వాళ్ళు, ఇద్దరూ మాట్లాడుకోరు.

అలాగని అందరూ సొంత సర్వర్లు కొనమని కాదు. ఆన్‌లైన్‌లో ఫైళ్ళు దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ కంపెనీ చాలా డేటాని అమెజాన్ నుంచి సొంత మెషీన్లకి మార్చుకుని రెండేళ్ళలో దాదాపు 7.5 కోట్ల డాలర్లు మిగిల్చుకుంది, వాళ్ళ సైజు వేరు. చిన్న స్టార్టప్‌కి, ఇంటర్ రిజల్ట్స్ రోజు లక్షలమంది మీదపడే సైట్లకి క్లౌడే దిక్కు. ఏడాదంతా ఒకే లోడ్ ఉండేవాళ్ళు మాత్రం ముందే ఏడాదికో మూడేళ్ళకో ఒప్పుకుంటే వచ్చే డిస్కౌంటన్నా తీసుకోవాలి కదా.

మన ప్రభుత్వ శాఖలు క్లౌడ్‌కి ఏటా ఎంత కడుతున్నాయో మీ విలేకరులు ఆర్టీఐ వేసి కనుక్కుంటే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి