ఆగమన కాలం: మన విచారణ (చర్చి పరిధి) కుటుంబాలకు

అందరికీ వందనాలు.

ఈ ఆదివారం, నవంబర్ 30న ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు సిద్ధపడే నాలుగు ఆదివారాల కాలం మొదలు. మొదటి ఊదా కొవ్వొత్తి పూజ ఆరంభంలోనే వెలిగిస్తాం, 6:45కల్లా గుడిలో ఉండండి. గులాబి కొవ్వొత్తి డిసెంబర్ 14న.

ఈ ఏడాది ఆదివారాల్లో ఎక్కువగా మత్తయి సువార్తే వింటాం. 28 అధ్యాయాలు. రేపు గురువారం నుంచి రోజుకొకటి ఇంటిల్లిపాదీ కూర్చుని చదివితే డిసెంబర్ 24కి పూర్తవుతుంది. పిల్లలతోనే చదివించండి, చాలా బాగుంటుంది.

గాయకబృందం: ఈ నాలుగు ఆదివారాలూ పూజలో పాడే మహిమ గీతం (గ్లోరియా) ఉండదు, అల్లెలూయా ఉంటుంది. డిసెంబర్ 8న నిష్కళంక మాత (మరియమాత) పండుగకు మాత్రం మహిమ గీతం పాడాలి. ప్రాక్టీస్ శనివారం సాయంత్రం 5కి.

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ప్రతి శనివారం 6 గంటలకు. దయచేసి చివరి వారం దాకా ఆగకండి. అప్పుడు వరుస పెరిగి పెద్దవాళ్లు నిలబడలేకపోతున్నారు.

యువత పశువుల పాకకు వెదురు, వరిగడ్డి 13 లోపు తేవాలి. బాలయేసు స్వరూపాన్ని 24 రాత్రి పూజలోనే ఉంచుతాం, ముందుగా పెట్టొద్దు.

రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పెట్టండమ్మా. ఆదివారం కానుకల వేళ తెస్తే, పండుగకు ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు అందిస్తాం. ఏ మతం వాళ్లయినా సరే.

మంచాన ఉన్నవాళ్లకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) కావాలంటే ఉపదేశి (మతబోధకుడు) గారికి శుక్రవారంలోగా చెప్పండి.