గెలిచిన పిల్ల పేరేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ జిల్లా పేజీలో పాఠశాలల ఆటల పోటీల ఫోటో ఒకటి వేశారు. 800 మీటర్ల పరుగు ముగిసిన చోట ఒక బాలిక నేల మీద చతికిలబడి ఉంది. ఇద్దరు స్నేహితురాళ్లు నీళ్లు పట్టిస్తున్నారు. కింద ‘పరుగుకు తాళలేక సొమ్మసిల్లిన విద్యార్థిని’ అని రాశారు. ఆ పందెం గెలిచింది ఎవరో, ఎంత సమయంలో గెలిచిందో పేజీ అంతా వెతికినా కనబడలేదు.

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఉద్యోగ జీవితమంతా ఆడపిల్లలకు డ్రిల్లు టీచరుగా పనిచేసినదాన్ని. 800 మీటర్లు శక్తి దాచుకోకుండా పరిగెత్తినవాళ్లు, మగపిల్లలైనా సరే, గీత దాటగానే కూలబడుతుంటారు. వేగంగా పరిగెత్తి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే గీత దాటాక ఆగవద్దు, నడుస్తూ ఉండండి అని మైదానంలోకి వచ్చిన మొదటి రోజే చెబుతాం. అదే ఫోటో మగపిల్లవాడిదైతే ‘ప్రాణం పెట్టి పరిగెత్తాడు’ అని రాసి ఉండేవారు కాదా?

ఇలాంటి రాతల వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. జపాన్ అమ్మాయి కినుయె హితోమి రెండో స్థానంలో నిలిచింది. ఫైనల్లో పరిగెత్తింది తొమ్మిది మంది, తొమ్మిది మందీ పూర్తి చేశారు. కానీ ఒక అమెరికా విలేఖరి పదకొండు మంది పరిగెత్తారనీ, ఐదుగురు మధ్యలోనే మానుకున్నారనీ రాశాడు. పరుగెత్తినవాళ్లను లెక్కపెట్టడం కూడా సరిగా చేయని మనిషి, అది ఆడవాళ్లు చేయదగిన పని కాదని తేల్చేశాడు. ఇంకా కొన్ని పత్రికలు అదే పాట ఎత్తుకున్నాయి. చివరికి ఆ పందేన్నే తీసేశారు. 1960లో రోమ్ ఒలింపిక్స్ వచ్చేదాకా మహిళలకు 800 మీటర్లు లేదు. ముప్పై రెండేళ్లు, సంపాదకుల వారూ! ఒక తరం అమ్మాయిలు పరిగెత్తే వయసు దాటి తల్లులు, అమ్మమ్మలు అయిపోయారు.

‘పరిగెడితే గర్భసంచి జారుతుందా టీచర్?’ అని మా దగ్గర తల్లులు ఇప్పటికీ అడుగుతారు. వాళ్లను తప్పు పట్టను. 1966లో బోస్టన్ మారథాన్ నిర్వాహకులు బాబీ గిబ్ అనే యువతికి, ఆడవారి శరీరం అంత దూరానికి సరిపోదని ఉత్తరమే రాశారు. ఆమె పొదల చాటున నిలబడి, పందెం మొదలయ్యాక మగవాళ్లలో కలిసి మొత్తం దూరం పరిగెత్తింది. అక్కడ మహిళలను అధికారికంగా అనుమతించింది 1972లో.

పత్రికలు చెరిచినదాన్ని కొంతవరకైనా పత్రికలే బాగుచేశాయి. టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ 1974లో ‘విమెన్‌స్పోర్ట్స్’ అనే మాసపత్రిక ప్రారంభించింది. 2004లో డానా స్టోన్ అనే ఆవిడ ‘హర్ స్పోర్ట్స్’ పెట్టింది. అదే 2009లో ‘విమెన్స్ రన్నింగ్’గా పేరు మార్చుకుని పరిగెత్తే ఆడవాళ్ల పత్రిక అయింది. మా అమ్మాయి అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా దాని పాత సంచికలు తెచ్చేది. పతకాలు గెలిచినవాళ్ల గురించి మాత్రమే కాదు, నెలసరి రోజుల్లో ఎలా పరిగెత్తాలి, రక్తంలో ఇనుము తగ్గితే ఎలా తెలుస్తుంది, కాన్పు తర్వాత మళ్లీ ఎలా మొదలుపెట్టాలి, ఇలాంటివన్నీ ఉంటాయి. 2015 ఆగస్టు సంచిక ముఖచిత్రం మీద ఎరికా షెంక్ అనే బొద్దు మనిషి పరిగెడుతూ కనిపిస్తుంది. ఆ సంచికను మా వీధి ఆడవాళ్లకు చూపించాను. నడకకు కూడా సిగ్గుపడే ఒకావిడ ఆ బొమ్మను చాలాసేపు వదల్లేదు.

ఇక మా పిల్లల సంగతి. వదులు టీషర్టు కింద బిగుతు బనియన్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, పైన చున్నీ కట్టుకుని పరిగెత్తే అమ్మాయిలను ఇప్పటికీ చూస్తున్నాను. ఊపిరి ఎలా ఆడుతుంది? పరుగుకు తగిన లోదుస్తులు 1977లోనే అమెరికాలో ముగ్గురు ఆడవాళ్లు కుట్టి తయారుచేశారు. అలాంటివి ఉన్నాయని మా సవర గిరిజన గూడేల పిల్లలకు చెప్పేదెవరు? మగ టీచరు చెప్పలేడు, తల్లికి తెలియదు.

సరిహద్దులో ఉండటం ఇంకో కష్టం. ఇక్కడి పోటీల ఫలితాలు వస్తే ఒడియా పత్రికల్లో ఒక వాక్యం వస్తుంది. మీ పత్రిక ఆంధ్ర వైపున్న పాతపట్నం దాకా వార్తలు రాసి, మా ఊరు రాగానే ఆగిపోతుంది, కాపీలు మాత్రం మా ఊళ్లోనూ అమ్ముతారు. నా శిష్యురాలు ఒకమ్మాయి జిల్లా పోటీల్లో 800 మీటర్లు గెలిచింది. వాళ్ల నాన్న దర్జీ, తెలుగు తప్ప చదవలేడు. మర్నాడు పొద్దున్నే బస్టాండులో పేపరు కొని, మిషను మీద పరిచి, వేలు పెట్టి ఒక్కో పేజీ వెతికాడు. ఆ తర్వాత పేపరు మడిచి కత్తిరింపు గుడ్డల కింద పెట్టేశాడు.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి భువనేశ్వర్‌లో శిక్షణ పొందింది. 2022 మే నెలలో సైప్రస్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.23 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు నెలకొల్పింది. అంతకుముందున్న 13.38 రికార్డు 2002 నాటిది, ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్‌ది. ఆ ఇరవై ఏళ్లలో అనురాధ పేరు మన తెలుగు పిల్లల్లో ఎంతమంది విన్నారు?

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక భాష కోసం ఆయన 1919లో ‘తెలుగు’ అనే పత్రికే నడిపారు. నేను మిమ్మల్ని పత్రిక పెట్టమనడం లేదు. వారానికి అర పేజీ చాలు. ఫలానా చోట, ఫలానా తేదీన ఎంపిక పోటీలు ఉన్నాయని ముందుగా వేయండి, అయిపోయాక కాదు. సరిహద్దుకు అటూ ఇటూ జరిగిన పోటీల్లో మొదటి ముగ్గురి పేర్లు, సమయాలు వేయండి. ఒక మహిళా డాక్టరు చేత పిల్లల ప్రశ్నలకు జవాబులు రాయించండి. సరిపడా తినకుండా పరిగెత్తే పిల్లకు నెలసరి ఆగిపోతుందని, ఎముకలు బలహీనపడతాయని వాళ్లకు తెలియాలి. బజారులో అమ్మే బలం పొడుల బదులు చోళ్ల (రాగుల) అంబలి, గుడ్లు, పప్పు ఎంతెంత కావాలో చెప్పించండి.

గజపతి, రాయగడ జిల్లాల ఫలితాలు సేకరించే పని నాకు అప్పగించండి. మైదానంలో స్టాప్‌వాచీ పట్టుకునే టీచర్లందరూ నాకు తెలిసినవారే. ప్రతి సోమవారం మధ్యాహ్నంలోగా మీ శ్రీకాకుళం కార్యాలయానికి చేరేలా పంపిస్తాను, పారితోషికం అక్కర్లేదు. ముందుగా ఆ ఫోటోలోని పందెం గెలిచిన బాలిక ఎవరో కనుక్కుని, పేరు, బడి, సమయం రేపటి సంచికలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా