సెర్చ్ డబ్బా అంత చిన్న పనేం కాదురా

కడప,
ఆదివారం

ఒరే ఓబులేసూ,

"సెర్చ్ అంటే ఒక డబ్బా, పక్కన భూతద్దం బొమ్మ, అంతే కదరా! దానికి ఇన్ని నెలలెందుకు?" అన్నావు మొన్న. ఫోన్లో చెప్పబోతే మధ్యలో క్రికెట్ స్కోరు మీదికి పోతావు. అందుకే రాస్తున్నా.

మన జిల్లా శాసనాలు, కైఫీయతులు (ఊళ్ల గురించి రాసిపెట్టిన పాత వివరాలు), గుళ్ల వివరాలు వెతుక్కునే పేజీ చేస్తున్నామా, అందులో 'కలమళ్ల' అని ఊరి పేరు ముగ్గురు కొట్టారనుకో. గ్రూప్స్‌కి చదివే పిల్లోడికి ఒక్క ముక్క చాలు: అక్కడి శాసనం రేనాటి చోళుల నాటిది, ఎరికల్ ముత్తురాజు పేరున్నది, క్రీ.శ. 575 ప్రాంతానిది, తొలి తెలుగు శాసనంగా చెప్పేది. అది వాడు ఏదీ నొక్కకుండానే పైన కనబడాలి. పరిశోధన చేసే అమ్మాయికి ఆ ముక్కతో పనే లేదు. శాసన పాఠం కావాలి, దాన్ని ఎవరెవరు ఎట్లా చదివారో కావాలి, ఎర్రగుడిపాడు శాసనం పక్కన పెట్టి చూసుకోవాలి. మూడో ఆయన పిల్లల్ని తీసుకుని అక్కడి గుడికి పోదామనుకుంటున్నాడు. ఎర్రగుంట్ల నుంచి దారి చూపిస్తే చాలు ఆయనకు.

ఆండ్రీ బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2002లోనే ఈ సంగతి రాశాడు. వెబ్‌లో వెతికేవాళ్లలో కొందరికి ఫలానా సైటుకు చేరడం కావాలి, కొందరికి విషయం తెలుసుకోవడం, కొందరికి ఏదో పని జరిగిపోవడం.

ఇది విని మావాళ్లలో ఒకరు "అయితే ముందే అడుగుదాం, విద్యార్థా, పరిశోధకుడా, యాత్రికుడా అని మూడు బటన్లు పెడదాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ గ్రూప్స్ పిల్లోడే 575 చూసి, ఈ ముత్తురాజు ఎవరబ్బా అని ఇంకో శాసనంలోకి పోతాడు, అరగంటకు ఆ ఊరికి బస్సుందా అని చూస్తాడు. వాణ్ని ఏ బటన్ కింద కట్టేస్తాం? జనం సమాచారం ఎట్లా వెతుకుతారో పరిశోధించిన మార్సియా బేట్స్ అనే ఆమె 1989లో చెప్పిందీ ఇదే: మనిషి వెతకడం రేగిపండ్లు ఏరుకున్నట్టుంటుంది, ఇక్కడొకటి అక్కడొకటి, దొరికే కొద్దీ అడిగే ప్రశ్నే మారిపోతుంది. అందుకే చూసినవన్నీ పక్కన వరసగా నిలిచేలా, కావాల్సినవి దాచుకునేలా చేస్తున్నాం. శతాబ్దం, మండలం, రాజవంశం అని వడపోతలు (ఫిల్టర్లు) పెట్టి, నొక్కకముందే ఎన్ని దొరుకుతాయో అంకె చూపిస్తున్నాం. లేకపోతే నొక్కిన ప్రతిసారీ 'ఫలితాలు లేవు' అని వస్తే ఎవరికి ఓపిక? ఫోన్లో మాత్రం ఆ వడపోతలు ఒక చిన్న గుర్తు వెనక దాక్కుంటున్నాయి. పెద్దవాళ్లు దాని జోలికే పోవడం లేదు. దానికింకా మందు దొరకలేదు.

ఇక మన భాష పెట్టే టెన్షన్ వేరే. కడపలో, కడపకు, కడపనుంచి, అన్నీ ఒకే ఊరని మిషన్‌కు నేర్పాలి. కలమళ్లను కలమల్ల అని కొడతారు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. పాత పత్రాల్లో కడప ఇంగ్లీషు స్పెల్లింగు సీ తో మొదలవుతుంది, 2005లో గానీ మార్చలేదు. వెతికేవాడు ఎట్లా రాసినా వాడి తప్పు కాదని పట్టుబట్టి కూర్చున్నా.

లింకు వాట్సాప్‌లో పంపుతా. మీ నాయనతో మీ ఊరి కైఫీయతు వెతికించు. పక్కన కూర్చుని 'ఇది నొక్కు నాయనా' అనొద్దు, నోరు మూసుకుని చూడు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ స్క్రీన్‌షాట్ తీసి పంపు. బుధవారం లోపల పంపితే ఈసారి మార్పుల్లోనే కలిపేస్తాం.

నీ
మస్తాన్