కూలి రేటు సరే, పని దినాల మాటేమిటి?

సంపాదకుడు గారికి,

వ్యాపారాలు మందగించినా కూలి రేట్లు తగ్గలేదు కదా, మరి జనానికి ఇబ్బంది ఎక్కడుంది అని వాదించేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. తెనాలిలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుకుంటున్నాను. ఆ రేట్లు ఎందుకు తగ్గవో నాకు తెలుసు, ఎందుకంటే 2020లో తగ్గించకుండా ఉంచినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ వేసవిలో శుభలేఖల సీజన్ మొత్తం లాక్‌డౌన్‌లో కొట్టుకుపోయింది. జూన్‌లో షట్టర్ ఎత్తేసరికి ఏడుగురు పనివాళ్లకు ముగ్గురికి సరిపడా పని కూడా లేదు. అందరి జీతం మూడో వంతు కోసి అందరినీ ఉంచుకోవచ్చు. నేను ఆ పని చెయ్యలేదు. బైండింగ్‌లో ఇద్దరిని 'పని వచ్చాక కబురు చేస్తాను' అని ఇంటికి పంపించి, మిగతా ఐదుగురికి పాత జీతమే ఇచ్చాను.

దయతో చేశానని చెప్పుకోను. మా మిషన్ ఆపరేటర్ పద్దెనిమిదేళ్లుగా నా దగ్గర ఉన్నాడు. జీతం కోస్తే ఆ రోజుల్లో మానేసి ఎక్కడికీ పోలేడు. కానీ మిషన్ దగ్గర నిలబడే తీరు మారిపోతుంది. నాలుగు రంగుల పనిలో ఒక రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా కాగితం చెత్తబుట్టలోకే. అది కనిపెట్టి మిషన్ ఆపడం, చూసీ చూడనట్టు వదిలెయ్యడం అతని చేతుల్లో ఉంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పంపించేసిన ఇద్దరి ముఖాలు ఆ ఏడంతా నాకు కనపడలేదు. జీతం కోసి ఉంటే ఏడుగురూ రోజూ పొద్దున్నే ఎదురుపడేవాళ్లు.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ట్రూమన్ బ్యూలీ 1990ల మొదట్లో మాంద్యం వచ్చినప్పుడు న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో యజమానులు, యూనియన్ నాయకులు, ఇతరులు కలిపి 300 మందికి పైగా మనుషులను కలిసి, జీతాలు ఎందుకు కోయరన్న ఇదే ప్రశ్న వేశారు. యజమానులు ఎక్కువగా చెప్పిన కారణం, కోత పెడితే ఉన్నవాళ్ల మనసు విరిగి పని చెడుతుందనే. మా బజారు లెక్కే అక్కడా నడిచిందన్నమాట.

సర్కారుకైనా అంతే. 2020 మార్చి నెల జీతాల్లో కొంత భాగం మన రెండు రాష్ట్రాలూ ఆపినప్పుడు దానికి పెట్టుకున్న పేరు 'వాయిదా'. ఆంధ్రప్రదేశ్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఆపిన డబ్బుకు 6 శాతం వడ్డీ ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో తేలింది.

ఉద్యోగులకు కోర్టులున్నాయి, పొలం కూలీకి ఏ కాగితమూ లేదు కదా, అక్కడైనా రేటు దిగాలి కదా అంటారా? దిగదు. ఆర్థికవేత్త సుప్రీత్ కౌర్ మన దేశంలో సుమారు 600 జిల్లాల్లో దాదాపు యాభై ఏళ్ల వానల, కూలి లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. వానలు బాగా పడిన ఏడు పెరిగిన కూలి ఆ తర్వాత కిందికి రాలేదు. తగ్గింది కూలీలను పనికి పిలవడం. ఒడిశా పల్లెల్లో ఆమె బృందమే ఇంకో పరీక్ష చేసింది. నడుస్తున్న రేటు కంటే 10 శాతం తక్కువకు పని ఇస్తామంటే, ఎవరికీ తెలియకుండా అడిగినప్పుడు నూటికి 18 మంది ఒప్పుకున్నారు. పదిమందికీ తెలిసేలా అడిగితే ఇద్దరు కూడా లేరు. మన వైపు మిరపకోతల ముఠాలను చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. 'రేటు పాడుచేశాడు' అనే మాట పడటం కంటే ఒక పూట పస్తుండటమే నయమనుకుంటారు.

అంకె తగ్గకుండా జీతం తగ్గించే దారులు వేరే ఉన్నాయి. 1986లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, మరో ఇద్దరు ఒక సర్వే ప్రచురించారు. ధరలు పెరగని ఊళ్లో జీతం 7 శాతం కోస్తే అన్యాయమని 62 శాతం మంది అన్నారు. ధరలు 12 శాతం పెరిగిన చోట జీతం 5 శాతమే పెంచితే అన్యాయమన్నది 22 శాతమే. రెండింటిలోనూ జేబుకు పడే చిల్లు దాదాపు ఒకటే. హైదరాబాద్‌లో పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చే ఏడాది జీతం పదేళ్లకు పైగా మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. ఈ పదేళ్లలో హాస్టల్ ఫీజులు ఎంత పెరిగాయో ఆ పిల్లల తండ్రులను అడగాలి.

నా జీతాల పుస్తకం తిరగేస్తే 2020లో ఎవరి జీతమూ ఒక్క రూపాయి తగ్గినట్టు కనపడదు. ఆ ఇద్దరి పేర్లు జూన్ నుంచి పుస్తకంలోనే లేవు. ఒకాయన మరుసటి ఏడు తిరిగొచ్చారు. రెండో ఆయన ఇప్పుడు ఆటో నడుపుతున్నారు.

అందుకని మీకు నాదొక మనవి. ఈసారి మీ విలేకరులు కూలీల అడ్డాకు వెళ్లినప్పుడు 'రోజుకు ఎంత ఇస్తున్నారు' అన్న దగ్గర ఆగవద్దు. పోయిన నెలలో ఎన్ని రోజులు పని దొరికిందో, పొద్దున వచ్చినవాళ్లలో పది గంటలకు ఎంతమంది ఖాళీ చేతులతో ఇంటికి మళ్లారో కూడా రాయించండి.

— ఒక పాఠకుడు, తెనాలి