బంకు మట్టి మీద మొరం పోస్తే శుద్ధి అయినట్లేనా?

సంపాదకుడు గారికి,

హనుమకొండ శివారులోని మా కాలనీలో ఒక పెట్రోలు బంకు భూగర్భ ట్యాంకు కారి చుట్టుపక్కల బోర్ల నీళ్లు వాసన వస్తున్నాయి. బిందెలో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే పైన రంగురంగుల జిడ్డు పొర తేలుతోంది. ఫిర్యాదు చేస్తే వచ్చి పైమట్టి టిప్పర్లకెత్తి, గుంతలో మొరం పోసి చదును చేసి వెళ్లారు. ఎత్తిన మట్టి ఏ చెరువు శిఖంలో పడిందో చెప్పే నాథుడు లేడు. ఇది శుద్ధి కాదు, కాలుష్యానికి చిరునామా మార్చడం.

మట్టిని ఉన్నచోటే బాగుచేసే మార్గముంది. దాన్ని రసాయన ఆక్సీకరణం అంటారు. బోర్లు వేసి హైడ్రోజన్ పెరాక్సైడ్, పర్సల్ఫేట్, పర్మాంగనేట్, ఓజోన్ వంటివాటిని నేలలోకి పంపుతారు. సరైన మందు తగిలితే పెట్రోలు, పరిశ్రమల ద్రావకాలు విరిగి చివరికి చాలావరకు కార్బన్ డయాక్సైడు, నీరు అవుతాయి. పెరాక్సైడ్‌కు ఇనుము తోడైతే ఎంత చురుకుగా పనిచేస్తుందో ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త 1894లోనే చూపించాడు.

అయితే ఏ మందు పడితే ఆ మందు పోస్తే కుదరదు. మా కాలనీ సమావేశంలో ఒక పెద్దాయన 'పర్మాంగనేట్ కలిపితే సరి' అన్నారు. గాలికుంటు వచ్చిన పశువుల గిట్టలు కడగడానికి వాడే ఊదారంగు పలుకులు పల్లెల్లో పెరిగినవారందరికీ తెలుసు కనుక అలా అనిపించడం సహజమే. కానీ పెట్రోలులో అన్నిటికన్నా భయపడాల్సింది రక్త క్యాన్సర్ తెచ్చే బెంజీన్‌కు. ట్రైక్లోరోఎథిలీన్ వంటి ద్రావకాలను చక్కగా విరగగొట్టే పర్మాంగనేట్ బెంజీన్ దగ్గర చేతులెత్తేస్తుంది. ఇక్కడ కావలసింది పెరాక్సైడో, ఉత్తేజపరచిన పర్సల్ఫేటో. పెరాక్సైడ్ చర్యలో వేడి, వాయువు బాగా పుడతాయి. పెట్రోలు ఆవిరి నిండిన నేలలో అనుభవం లేని గుత్తేదారుకు ఆ పని అప్పగిస్తే కొత్త ప్రమాదం కొనితెచ్చుకున్నట్లే.

మన నేల తీరు కూడా చూడాలి. ఎర్ర చెలకలో ద్రావణం సాఫీగా పారుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి దారులు మూసేస్తుంది, ఎండితే నెర్రెలిచ్చి పోసినదంతా ఆ నెర్రెల్లోకే జార్చేస్తుంది. మట్టిలో సేంద్రియ పదార్థం ఎక్కువుంటే సగం మందు అదే తాగేస్తుంది. రేగడి కింద మొరం, దాని కింద పగుళ్లున్న రాయి. నీటిమట్టం వానాకాలంలో పైకొచ్చి వేసవిలో దిగిపోతుంటే, దాని మీద తేలే పెట్రోలూ ఎక్కుతూ దిగుతూ మధ్యనున్న మట్టికంతా పట్టేస్తుంది. అందుకే తేలే పెట్రోలును ముందు తోడేయాలి. తర్వాత మట్టి నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి మోతాదు తేల్చాలి. మందు పంపిన నెలకే నీళ్లు బాగున్నాయని ఫైలు మూసేస్తే మళ్లీ మొదటికే వస్తాం. రేగడిలో ఇరుక్కున్న పెట్రోలు మెల్లగా ఊరుతూ మళ్లీ నీళ్లలోకి వస్తుంది. కనీసం ఒక వానాకాలం గడిచేదాకా బోర్లను పరీక్షిస్తూనే ఉండాలి.

మరో మాట. ఈ పద్ధతి సీసం వంటి లోహాలను నాశనం చేయలేదు. పైగా మట్టిలో కదలకుండా ఉన్న క్రోమియంను నీటిలో కరిగే విషరూపంలోకి మార్చే ప్రమాదముంది. రేపు పాత బ్యాటరీల షెడ్ల దగ్గర కూడా ఇదే మందు పోస్తామంటే అడ్డుకోవాల్సిందే.

కలుషిత స్థలాల కోసం కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానమున్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. శుద్ధి ఖర్చు కాలుష్య కారకులే భరించాలి. మన జిల్లా జాబితాలో ఏయే స్థలాలున్నాయో కలెక్టరు గారు బయటపెట్టాలి, మా కాలనీని అందులో చేర్చాలి. పరీక్షలకు ఎక్కడికో పరుగెత్తనక్కరలేదు, సివిల్, కెమికల్ ఇంజినీరింగ్ విభాగాలున్న ఎన్ఐటీ ఊళ్లోనే ఉంది. నివేదికలను తెలుగులో వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. ఈలోగా ఆ బోర్ల నీళ్లు తాగవద్దని ఇంటింటికీ చెప్పి, రోజూ మంచినీటి ట్యాంకరు పంపాలని నగరపాలక సంస్థను కోరుతున్నాను.

— విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ