వాగ్దాన కార్డు వెనుక ఉన్న అధ్యాయం

సంపాదకులకు నమస్కారములు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక, కొత్త సంవత్సరపు వాగ్దానంగా ఒక బైబిలు వాక్యం ముద్రించిన కార్డును తీసుకుని ఇంటికి వెళ్లడం మన జిల్లాలోని అనేక క్రైస్తవ సంఘాలలో ఆనవాయితీ. నేనూ దానిని భక్తితోనే బీరువా తలుపుకు అంటించుకుంటాను. అయితే ఈ ఏడాదే అప్పు తీరుతుందనీ, బోరులో నీళ్లు పడతాయనీ చెప్పే జాతకంలా దానిని చదవడం నన్ను బాధిస్తోంది.

మీ విషయంలో నావి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే, ఈ కార్డులపై తరచుగా కనిపించే యిర్మీయా 29:11నే చూడండి. అది బబులోనుకు చెరగా పోయినవారికి యెరూషలేము నుంచి ప్రవక్త పంపిన లేఖలోని మాట. దానికి ముందు వాక్యంలోనే 70 సంవత్సరాల గడువు ఉంది, అంటే ఆ లేఖ విన్న పెద్దలలో చాలామంది స్వదేశాన్ని మళ్లీ చూసి ఉండరు. అయినా ఇళ్లు కట్టుకొమ్మనీ, తోటలు నాటుకొమ్మనీ, తమను చెరపట్టిన పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించమనీ దేవుడు వారికి చెప్పించాడు.

వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసిన ఏడాది, మా నాన్నగారు పొలంలో పంట లేకపోయినా దేవునియందు ఆనందిస్తాననే హబక్కూకు ప్రవక్త ప్రార్థనను బైబిలులో ఉదయమే చదివి, ఆ తరువాత కూలికి వెళ్లేవారు. విశ్వాసమంటే నేను మొదట చూసింది అదే.

పంట పోయిన కుటుంబంతో విశ్వాసం చాలలేదని ఎవరూ అనవద్దని, జనవరి ఆదివారాలలో యిర్మీయా 29వ అధ్యాయాన్ని పూర్తిగా బోధించాలని పాస్టరుగార్లను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, గుత్తి, అనంతపురం జిల్లా