మందు మానాలనుకునేవాడితో మాట్లాడే మనిషిని ఇవ్వండి
ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను కావలి ప్రాంతంలో మందు మానాలని వచ్చేవాళ్లకు కౌన్సెలర్‌గా పనిచేశాను. రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్లు, వేటకు పోయేవాళ్లు, లారీ డ్రైవర్లు, ఉదయగిరి మెట్ట నుంచి బేల్దారి పనులకు ఊళ్లు తిరిగేవాళ్లు, వీళ్లందరి తరఫున ఒకటే అడుగుతున్నాను. ప్రతి ఏరియా ఆసుపత్రిలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌ను నియమించండి. మనిషి డిశ్చార్జి అయి ఇంటికి పోయాక కూడా కనీసం ఏడాదిపాటు అతనితో మాట్లాడే ఏర్పాటు చేయండి.

కౌన్సెలింగ్ అంటే బుద్ధి చెప్పడం అనుకుంటున్నారు, ఆసుపత్రుల్లో కూడా. 'లివర్ పోయింది, ఇంకా తాగితే చస్తావ్', 'పెళ్లాం బిడ్డల మొహం చూడవయ్యా'. ఈ మాటలు అతను ఇంట్లో రోజూ వింటున్నవే. తలొంచుకుని సరే అంటాడు, సాయంత్రానికి షాపు దగ్గర ఉంటాడు. అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లోనే దీనికి వేరే దారి రాశారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచారు. మానడానికి కారణం మనం చెప్పకూడదు, అతని నోటి నుంచే రావాలి. అదీ ఆ పద్ధతికి ప్రాణం.

ఇది గదిలో ఎలా జరుగుతుందో చెబుతాను. 'అన్నా, మానాలని నీకు పదిలో ఎంత ఉంది?' అని అడుగుతాం. 'మూడు' అంటాడు. 'మూడేనా?' అన్నామంటే తాగడానికి ఉన్న కారణాలన్నీ ఏకరువు పెడతాడు. 'మరి సున్నా అనలేదే, మూడెందుకన్నావ్?' అని అడిగితే కాసేపు ఆగుతాడు. 'పాప ఇంటర్‌కొచ్చింది, దాని స్నేహితురాళ్లు ఇంటికొస్తుంటారు' అంటాడు. ఆ మాట పట్టుకుని, తొందరపెట్టకుండా, అతను చెప్పిందే అతనికి తిరిగి వినిపిస్తూ కూర్చోవాలి. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ శిక్షణ లేనివాళ్లు రెండు నిమిషాల్లో ఉపన్యాసంలోకి జారిపోతారు. ఓపీలో రెండు నిమిషాలే దొరికితే డాక్టరు గారు మాత్రం ఏం చేస్తారు?

మన జిల్లాలో అయ్యప్ప మాల సంగతి మీకు తెలుసు. రోజూ తాగేవాడు మాల వేసుకుంటే మండలం, నలభై ఒక్క రోజులు, ముట్టడు. తెల్లవారుజామున స్నానం, పూజ, వేరే స్నేహాలు. ఊరంతా 'స్వామీ' అని పిలుస్తుంది, భార్య కూడా. ఎన్నో ఏళ్లుగా దొరకని గౌరవం దొరుకుతుంది. తనకు చేతకాదని అనుకున్న పని చేసి చూపిస్తాడు. మాల తీసిన రోజు మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నేనైతే ఆ రోజునే కౌన్సెలింగ్ అసలు రోజు అంటాను. మాల తీయకముందే అడగాలి: తీశాక మొదట ఫోన్ చేసే స్నేహితుడెవరు? కూలి డబ్బులు చేతికొచ్చేది ఏ రోజు? ఇంటికొచ్చే దారిలో షాపు ఉందా? 'ఒక్కటే రా మామా' అంటే ఏం చెబుతావు? ఆ జవాబు మా ముందే రెండు మూడుసార్లు పైకి అనిపిస్తాం. తాగాలని మనసు లాగడం అలలాంటిది, లేచి, చాలాసార్లు అరగంట లోపే విరిగిపోతుందని అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు చెప్పారు. జువ్వలదిన్నె మత్స్యకారులకు ఈ సంగతి వివరించాల్సిన పనే లేదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. రోజూ ఎక్కువగా తాగేవాడు మాలకో, బిడ్డ మీద ఒట్టుకో కట్టుబడి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేని మనుషులు కనబడి ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని గాలి సోకిందని తాయెత్తు కట్టించుకునేవాళ్లున్నారు. ఆశా, ఏఎన్‌ఎంలకు ఈ గుర్తులు తెలియాలి. తాగుడు మాన్పించాలని ఇంటివాళ్లు అన్నంలో తెలియకుండా కలిపే బిళ్లలూ అంతే ప్రమాదం. వాటిలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే బిళ్ల) ఉంటే, తెలియక పైన తాగినవాడికి బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు.

ఆడవాళ్ల గురించి కూడా చెప్పాలి. 1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ పోరాటం నుంచే రోజుకు రూపాయి దాచే పొదుపు సంఘాలు ఈ జిల్లాలో పుట్టాయి. ఆ సంఘాల సమావేశాల్లోనే ఇంకో పని జరగాలి. భర్త తాగి వచ్చినప్పుడు వాదించకుండా, పొద్దున దిగాక మాట్లాడటం. తాగని సాయంత్రం అతనితో బాగుండటం. పనికి పోకపోతే 'జ్వరం' అని మేస్త్రీకి అతని తరఫున అబద్ధం చెప్పకపోవడం. కొట్టేవాడైతే ముందు తన భద్రత. ఇవి ఇంటివాళ్లకు నేర్పే పద్ధతులు అమెరికా సైకాలజిస్టు రాబర్ట్ మేయర్స్ వంటివారు ఏనాడో తయారు చేశారు. రోగి రానన్నా ఇంటివాళ్లతో మొదలుపెట్టవచ్చు.

2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుల్లోనే చేర్చింది. కాబట్టి చికిత్స హక్కే, దయ కాదు. కట్టేసి కొట్టి మాన్పిస్తామనే చోట్లకు మావాళ్లు అప్పు చేసి పోతున్నారంటే దగ్గర్లో సర్కారు మనిషి లేకే. మత్తు మానాలనుకునేవాళ్లకు 14446, మానసిక ఆరోగ్యానికి 14416 అని ఫోన్ సహాయ నంబర్లు ఉన్నాయి, మంచివే. వాటిని ప్రతి వైన్ షాపు బోర్డు పక్కన పెద్ద అక్షరాల్లో రాయించండి.

విలేజ్ హెల్త్ క్లినిక్ సిబ్బందికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'ఆడిట్' (AUDIT) అనే పది ప్రశ్నల పరీక్షను, తాగుడు ఎంత ముదిరిందో చెప్పేదాన్ని, నేర్పించండి. ఎవరితో నాలుగు మాటలు చాలో, ఎవరిని ఆసుపత్రికి పంపాలో దానితో తేలుతుంది. నవంబరులో మాలలు మొదలవుతాయి. ఆలోపు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనైనా ఈ శిక్షణ మొదలుపెట్టించండి. పాఠాలు చెప్పడానికి నేనూ, నాతో పనిచేసినవాళ్లూ ఎక్కడికి రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
ఒక కౌన్సెలర్,
కావలి, నెల్లూరు జిల్లా